‘క్లాసులో కుదురుగా కూర్చోడు’ అంటే సరిపోదు: పిల్లల ప్రవర్తనను అంచనా వేయడం, దశలవారీగా

"మేడమ్, మా క్లాసులో ఒక పిల్లోడున్నాడు. ఒక్కసారి చూసి ఏడీహెచ్‌డీనా కాదా చెప్పేయండి."

తిరుపతి చుట్టుపక్కల బళ్లకు కౌన్సెలర్‌గా వెళ్తుంటాను. ఈ మాట వినని వారం లేదు. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య. ఒక్కసారి చూసి నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. కానీ నాలుగైదు వారాలు పద్ధతిగా చూసి రాసిపెడితే చాలా సంగతులు క్లాస్ టీచరుకే తెలిసిపోతాయి. పిల్లవాడు సరిగ్గా ఏం చేస్తున్నాడు, ఎప్పుడు చేస్తున్నాడు, చేసినందుకు వాడికి ఏం దొరుకుతోంది? బళ్లో చేసే అంచనా అంతా ఈ మూడు ప్రశ్నలే. జబ్బుకు పేరు పెట్టడం డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టుల పని. దాని జోలికి మనం పోవద్దు.

ఎలా చెయ్యాలో వరుసగా రాస్తున్నాను. వరుస మార్చకండి. చాలామంది ఏడో మెట్టు దగ్గర, అంటే ప్రశ్నపత్రం నింపడంతో మొదలుపెడతారు. పని అక్కడే చెడుతుంది.

1. పెన్ను పట్టే ముందు

ప్రవర్తన గురించి ఆలోచించే ముందు ఒంటి సంగతి చూడాలి. బోర్డు కనిపించని పిల్లవాడు పక్కవాడి నోట్సులోకి తొంగిచూస్తాడు, వాడితో మాటలు పెట్టుకుంటాడు. చెవిలో చీముతో సరిగా వినబడని పిల్ల పిలిస్తే పలకదు. మనం వాడికి ‘వాగుడుకాయ’ అని, ఈమెకు ‘పొగరు’ అని పేరు పెట్టేస్తాం.

ముందుగా చూసుకోవాల్సినవి:

- కంటి పరీక్ష, చెవి పరీక్ష ఈ ఏడాది చేయించారా?
- రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటున్నాడు? పొద్దున ఏమైనా తిని వస్తున్నాడా?
- మూర్ఛ, ఆస్తమా లాంటివి ఉన్నాయా? మందులేమైనా వాడుతున్నాడా?
- ఇంట్లో మాట్లాడే భాష ఏది?
- గత మూడు నెలల్లో ఇంట్లో ఏదైనా మారిందా? చావు, కొత్త బిడ్డ, ఇల్లు మారడం, నాన్న ఊళ్లో లేకపోవడం?
- తల్లిదండ్రులకు చెప్పి ఒప్పించారా? చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

భాష ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. నగరి, కుప్పం వైపు చాలా ఇళ్లలో తమిళం మాట్లాడతారు. ఇంట్లో తమిళం, బడి ఇంగ్లిష్ మీడియం, మధ్యలో తెలుగు. ఒకటో తరగతి పిల్ల రెండు నెలలు నోరు మెదపకపోతే దాన్ని ‘ముడుచుకుపోయే స్వభావం’ అని రాసేముందు ఇంటర్వెల్‌లో ఒకసారి చూడండి. గ్రౌండులో తమిళం మాట్లాడే పిల్లలతో గలగలా మాట్లాడుతుంటే సమస్య భాషదే.

ఎప్పుడు చూస్తున్నామన్నదీ ముఖ్యమే. నేనే ఒకసారి తప్పులో కాలేశాను. నాలుగో తరగతి పిల్లవాడిని బ్రహ్మోత్సవాల వారంలో చూసి, ‘క్లాసులో కునికిపాట్లు, ధ్యాస లేదు’ అని రాసిచ్చాను. వాళ్లమ్మానాన్నలు అలిపిరి దగ్గర బొమ్మలు అమ్ముతారు. ఆ తొమ్మిది రోజులూ పిల్లవాడు రాత్రి ఒంటిగంట దాకా బండి దగ్గరే ఉన్నాడు. పండగ అయిపోయాక వెళ్లి చూస్తే వాడు క్లాసులో అందరిలాగే ఉన్నాడు. అప్పటినుంచి పరీక్షల వారం, పండగ వారం, సెలవుల తర్వాత మొదటి వారం పరిశీలన పెట్టుకోను.

2. ఫిర్యాదును కంటికి కనిపించే పనిగా మార్చండి

‘అల్లరి’, ‘మొండి’, ‘సోమరి’, ‘అటెన్షన్ లేదు’. వీటిలో ఒక్కదాన్ని కూడా లెక్కపెట్టలేం. ఒక టీచరుకు అల్లరి అనిపించింది ఇంకో టీచరుకు హుషారు అనిపిస్తుంది.

మీరు రాసిన వాక్యాన్ని పక్క క్లాసు టీచరుకు ఇవ్వండి. అది చదివి ఆమె కూడా మీరు లెక్కపెట్టినదాన్నే లెక్కపెట్టగలగాలి. ఉదాహరణకు:

- ‘కుదురుగా కూర్చోడు’ బదులు: పాఠం జరుగుతుండగా, టీచరు పిలవకుండా, బెంచీ మీది నుంచి పూర్తిగా లేచి కనీసం ఒక అడుగు వేయడం. కింద పడిన పెన్సిలు తీసుకుని వెంటనే కూర్చుంటే లెక్కలోకి రాదు.
- ‘కొట్లాటలు పెట్టుకుంటాడు’ బదులు: చేత్తో గానీ కాలితో గానీ వస్తువుతో గానీ ఇంకొకరిని కొట్టడం, తోయడం, గిచ్చడం. ఇద్దరూ నవ్వుతూ ఆడుకునేది లెక్కలోకి రాదు.
- ‘మాట వినదు’ బదులు: టీచరు పేరుపెట్టి చెప్పిన పనిని 10 సెకన్లలో మొదలుపెట్టకపోవడం.

ఏది లెక్కలోకి రాదో కూడా రాయాలి. దాదాపు అందరూ దాన్నే వదిలేస్తారు.

ఒకేసారి ఐదు ప్రవర్తనలు పెట్టుకోకండి. ఒకటి చాలు, మహా అయితే రెండు. తనకో, పక్కవాళ్లకో దెబ్బ తగిలే పని ఏదైనా ఉంటే అదే మొదటిది.

3. లెక్కపెట్టే పద్ధతి ఎంచుకోండి

పాఠం చెబుతూ లెక్కపెట్టాలి కాబట్టి పద్ధతి సులువుగా ఉండాలి.

*ఎన్నిసార్లు.* లేవడం, కొట్టడం, అరవడం లాంటి మొదలూ చివరా తెలిసే పనులకు ఇదే. ఎడమ జేబులో ఇరవై చింతగింజలు వేసుకోండి. జరిగినప్పుడల్లా ఒకటి కుడి జేబులోకి మార్చండి. జేబు లేకపోతే చేతికి రబ్బరు బ్యాండ్లు వేసుకుని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకోవచ్చు. పీరియడ్ అయ్యాక లెక్క రాసుకోండి.

*ఎంతసేపు.* ఏడుపు, గేటు దగ్గర మారాం, మూలన కూర్చోవడం లాంటివాటికి. రోజుకు ఒక్కసారే ఏడుస్తుంది, కానీ నలభై నిమిషాలు ఏడుస్తుంది. దాన్ని ‘ఒకసారి’ అని రాస్తే ఏం తెలుస్తుంది?

*ఎంత ఆలస్యంగా.* చెప్పినప్పటి నుంచి మొదలుపెట్టేదాకా పట్టిన సమయం.

*ఆ క్షణంలో ఏం చేస్తున్నాడు.* ధ్యాస లాంటివాటికి ఇది పనికొస్తుంది. ఫోను వైబ్రేషన్‌లో పెట్టి రెండు నిమిషాలకోసారి మోగేలా చూసుకోండి. మోగగానే తలెత్తి చూసి, పనిలో ఉంటే టిక్కు, లేకపోతే ఇంటూ. ఇరవై నిమిషాల్లో పది గుర్తులు వస్తాయి. మోగిన ఆ క్షణమే లెక్క. ‘ఇందాక ఆడుకున్నాడు కదా’ అని వెనక్కి వెళ్లి ఇంటూ పెట్టకండి.

చివరి పద్ధతిలో ఇంకో పిల్లవాడిని కూడా కలపండి. అదే క్లాసులో మామూలుగా ఉండే పిల్లవాడిని ఒకడిని ఎంచుకుని, వాడికీ అవే గుర్తులు పెట్టండి. మీ పిల్లవాడు పదికి నాలుగు, పక్కవాడు పదికి ఎనిమిది అయితే తేడా ఉన్నట్టే. ఇద్దరూ నాలుగే అయితే ఆలోచించాల్సింది పాఠం గురించి. భోజనం తర్వాత ఎండాకాలంలో, ఫ్యాను తిరగని గదిలో నేను చూసిన లెక్కలు ఎక్కువగా ఇలాగే వచ్చాయి.

కనీసం ఐదు రోజులు చూడాలి. కొత్త మనిషి వెనక బెంచీలో కూర్చుంటే మొదటి రెండు రోజులు క్లాసంతా బుద్ధిగా ఉంటుంది కాబట్టి ఆ లెక్కను పక్కనపెట్టండి.

ఒకరోజు ఇంకో టీచరును కూడా లెక్కపెట్టమనండి. మీకు 15, ఆమెకు 12 వస్తే, చిన్న అంకెను పెద్ద అంకెతో భాగించి వందతో గుణించండి. 80 శాతం వస్తుంది. 80, ఆ పైన వస్తే ఇద్దరూ ఒకటే చూస్తున్నారని సాధారణంగా ఒప్పుకుంటారు. అంతకన్నా తగ్గితే రెండో మెట్టుకు వెళ్లి వాక్యాన్ని బాగుచేయండి.

4. మూడు గళ్ల కాగితం

ఒక్క పనికే సమయం ఉందంటే ఇది చేయమంటాను. కాగితం మీద నిలువుగా రెండు గీతలు గీయండి. మొదటి గడి ‘ముందు ఏం జరిగింది’, రెండోది ‘వాడు ఏం చేశాడు’, మూడోది ‘తర్వాత ఏం జరిగింది’. సైకాలజీలో దీన్నే ఏబీసీ రికార్డు అంటారు. పక్కన టైము, పీరియడ్ రాసుకోండి.

మూడో తరగతి పిల్లవాడొకడి కాగితంలోంచి రెండు వరుసలు:

> 10.20, తెలుగు. ముందు: ‘బోర్డు మీద ఉన్నది రాసుకోండి’ అన్నారు. చేశాడు: రెండు నిమిషాలకు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. తర్వాత: ‘బయట నిలబడు’ అని పంపారు. పదిహేను నిమిషాలు వరండాలో ఉన్నాడు.
>
> 11.45, సోషల్. ముందు: ప్రశ్న జవాబులు ఎక్కించుకోమన్నారు. చేశాడు: లేచి వెనక బెంచీ వాడి సంచి లాగాడు. తర్వాత: హెడ్మాస్టర్ గది నుంచి చాక్‌పీసులు తెమ్మని పంపారు.

ఐదు రోజుల్లో 23 వరుసలు వచ్చాయి. టీచరమ్మా నేనూ కూర్చుని రంగు పెన్సిళ్లతో గుర్తులు పెట్టాం. 17 సార్లు ‘ముందు’ గడిలో ఉన్నది బోర్డు చూసి రాయడమే. ఆ 17లో 15 సార్లు ‘తర్వాత’ గడిలో ఉన్నది ఏదో ఒక రకంగా బయటికి పోవడం. నోటితో చెప్పే పాఠంలో లేచింది రెండేసార్లు.

టీచరమ్మ కాసేపు కాగితంకేసి చూసి, "అంటే వాడికి కావాల్సింది నేనే ఇస్తున్నానా?" అంది. అవును. శిక్ష అనుకుని పంపారు, వాడికి అది రాత నుంచి తప్పించుకునే దారి అయ్యింది.

పిల్లలు చేసే పనుల వెనక సాధారణంగా నాలుగు కారణాలు వెతుకుతాం:

- ఎవరైనా తనను పట్టించుకోవాలని (తిట్టినా సరే)
- పనినో, చోటునో, మనిషినో తప్పించుకోవాలని
- కావాల్సిన వస్తువు, ఆట దొరకాలని
- ఆ పని ఒంటికి హాయిగా ఉండడం: ఊగడం, చెవులు మూసుకోవడం, గోళ్లు కొరకడం

కాగితం నింపేటప్పుడు ఎక్కువగా జరిగే తప్పులు:

- రెండో గడిలో అభిప్రాయం రాయడం. ‘కోపంతో పుస్తకం విసిరాడు’లో కోపం మీ ఊహ. ‘పుస్తకం విసిరాడు’ దగ్గర ఆపండి.
- సాయంత్రం కూర్చుని గుర్తుచేసుకుని రాయడం. గట్టిగా జరిగినవే గుర్తుంటాయి. రెండు ముక్కలైనా అప్పుడే గీకిపెట్టుకోండి.
- మూడో గడిని ఖాళీగా వదలడం. ‘ఏమీ చేయలేదు’ అన్నా రాయాలి. క్లాసంతా నవ్విందా? అదీ రాయాలి.
- మంచి పీరియడ్లు వదిలేయడం. వాడు ఎక్కడ కుదురుగా ఉన్నాడో తెలియకపోతే సగం సమాచారం పోయినట్టే.

5. ఇంటివాళ్లతో మాట్లాడటం

"మీవాడు ఇంట్లో ఎట్ల ఉంటాడమ్మా?" అని అడిగితే "బంగారం మేడమ్" అంటారు, లేకపోతే "నాలుగు తగిలించండి మేడమ్, మేమేం అనుకోం" అంటారు. రెండింటితోనూ మనకు పనిలేదు. రెండో మాటకు మాత్రం అక్కడికక్కడే జవాబివ్వండి: బళ్లో పిల్లలను కొట్టడం, మనసు నొప్పించేలా వేధించడం విద్యాహక్కు చట్టం, 2009 నిషేధించింది.

ఒక్క రోజును అడగండి. "నిన్న బడి నుంచి వచ్చినప్పటి నుంచి పడుకునేదాకా ఏమేం చేసినాడో వరసగా చెప్పమ్మా." మూడో తరగతి పిల్లవాడి తల్లిని ఇలాగే అడిగాను.

"వచ్చినాడు, అన్నం తిన్నాడు, ఆడుకునేదానికి పోయినాడు. ఏడింటికి హోంవర్కు."

"హోంవర్కు తనే రాసుకుంటాడా?"

ఆమె కాస్త తటపటాయించింది. "మా పెద్దపాప రాసిచ్చేస్తుంది మేడమ్. చదవమంటే చదువుతాడు. రాయమంటేనే కడుపునొప్పి అని ఏడుస్తాడు."

బోర్డు దగ్గరి కథే ఇంట్లోనూ ఉంది. ‘ఎలా ఉంటాడు’ అని అడిగుంటే ఇది బయటికొచ్చేది కాదు.

పిల్లవాడిని పగలంతా చూసుకునేది అవ్వ అయితే ఆమెతోనూ మాట్లాడండి. తల్లి పక్కన ఉంటే అవ్వ నోరు విప్పదు కాబట్టి విడిగా. నాన్న రాత్రి షిఫ్టుల్లో కొండమీద పనిచేస్తుంటే ఆయనకు వీలైన టైములో ఫోను చేయండి. ‘నాన్న రాలేదు’ అని ఫైల్లో రాసి ఊరుకోవద్దు.

6. పిల్లవాడితో

‘ఎందుకు చేశావు?’ అని అడగొద్దు. పిల్లలకు ఆ ప్రశ్న తిట్టులా వినిపిస్తుంది, నిజంగానే చాలాసార్లు వాళ్లకూ తెలీదు. బడి బొమ్మ గీయమని, నచ్చిన చోటికి ఆకుపచ్చ, నచ్చని చోటికి ఎరుపు వేయమనండి. అక్కడి నుంచి మాట కలపండి.

‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వొద్దు. ఎవరైనా తప్పుగా తాకారనో, ఇంట్లో కొడుతున్నారనో చెబితే అంచనా అక్కడితో ఆగిపోవాలి. గుచ్చిగుచ్చి అడగకుండా, పిల్ల చెప్పిన మాటలు చెప్పినట్టే రాసి, బడి పెద్దలకు తెలియజేసి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి. లైంగిక వేధింపు అని తెలిసినా, అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత పోక్సో చట్టం, 2012 ప్రకారం మన మీద ఉంది. హెడ్మాస్టరు ‘మనమే సర్దుకుందాం’ అన్నా అది తీరదు.

7. రేటింగ్ స్కేళ్లు

ఇప్పుడు ప్రశ్నపత్రాలకు వద్దాం. బళ్లలో ఎక్కువగా కనిపించేది ఎస్‌డీక్యూ, అంటే పిల్లల బలాలు, ఇబ్బందుల ప్రశ్నపత్రం. 25 వాక్యాలు, ఐదు భాగాలు: భావోద్వేగాలు, నడవడిక, అతి చురుకుదనం, తోటిపిల్లలతో ఇబ్బందులు, మంచితనం. ఏడీహెచ్‌డీ అనుమానానికి వాండర్‌బిల్ట్, కానర్స్ అనే స్కేళ్లు ఉన్నాయి. ఆటిజానికి మన దేశంలో తయారైన ఐఎస్‌ఏఏ ఉంది, అందులో 40 అంశాలుంటాయి. దాన్ని శిక్షణ పొందినవాళ్లే చేయాలి.

టీచరు నింపే స్కేలు విషయంలో:

- ఆ పిల్లవాడిని కనీసం నెల రోజులైనా చూసినవాళ్లే నింపాలి.
- ‘తరచూ’ అంటే ఎంతో ముందే మాట్లాడుకోవాలి.
- నిన్న జరిగిన గొడవను మనసులో పెట్టుకుని ఈరోజు నింపొద్దు.
- ఇంగ్లిష్ పత్రాన్ని తల్లికి అప్పటికప్పుడు తెలుగు చేసి చదివి వినిపించొద్దు. ఒక్కొక్కరు ఒక్కోలా తెలుగు చేస్తే మార్కులకు విలువుండదు. అనుమతి ఉన్న అనువాదమే వాడాలి.

తల్లి మార్కులకూ టీచరు మార్కులకూ పొంతన లేకపోతే కంగారుపడకండి. ఎవరిది తప్పు అని తేల్చే పనీ పెట్టుకోకండి. ఇంట్లో ఒకలా, బళ్లో ఒకలా ఉంటున్నాడన్నదే అక్కడ దొరికిన సమాచారం. ఏడీహెచ్‌డీ అనడానికి లక్షణాలు కనీసం రెండు చోట్ల, ఆరు నెలలుగా, పన్నెండేళ్ల లోపు మొదలై ఉండాలని డాక్టర్లు చూసేది కూడా ఇందుకే. స్కేల్లో మార్కులు ఎక్కువ వచ్చాయంటే ఇంకా చూడాలని అర్థం. జబ్బు ఖాయమైనట్టు కాదు.

ఐక్యూ పరీక్షలు బళ్లో టీచర్లు చేయకూడదు. ఫోనులో దొరికే ‘పది ప్రశ్నల్లో ఆటిజం టెస్టు’ల సంగతి నేను చెప్పక్కర్లేదు.

8. ఒక వాక్యం రాయండి, రెండు వారాలు పరీక్షించండి

చేతిలో లెక్కలు, మూడు గళ్ల కాగితం, ఇంటి మాటలు ఉన్నాయి. వాటిని ఒకే వాక్యంలోకి తేవాలి: ‘ఫలానా సమయంలో, ఫలానా పని చేస్తాడు, ఫలానాది దొరకడానికి లేదా తప్పించుకోవడానికి.’

మన పిల్లవాడికి ఇలా రాశాం: ‘బోర్డు చూసి ఎక్కువసేపు రాయాల్సి వచ్చినప్పుడు సీటులోంచి లేస్తాడు, రాత తప్పించుకోవడానికి.’

ఇది ఊహే. నిజమో కాదో తేలాలంటే ఆ వాక్యంలోని విషయాన్ని మార్చి చూడాలి. బయటికి పంపడం మానేశాం. బోర్డు మీద ఉన్నదంతా కాకుండా మూడు వాక్యాలే రాయమన్నాం, అవీ కాగితం మీద రాసి డెస్కు మీదే పెట్టాం. లేవాలనిపిస్తే చూపించడానికి ఒక పసుపు అట్టముక్క ఇచ్చాం. అది చూపిస్తే రెండు నిమిషాలు విరామం.

ముందు వారం రోజువారీ లెక్క: 5, 4, 6, 4, 4. మార్పు మొదలైన మొదటి రెండు రోజులు 7, 6. టీచరమ్మ ఫోను చేసి "మేడమ్, ఎక్కువైంది, ఆపేద్దామా?" అంది. ఇక్కడే అందరూ ఆపేస్తారు. ఇన్నాళ్లూ దొరికింది దొరక్కపోతే పిల్లలు మొదట గట్టిగా ప్రయత్నిస్తారు. ఎవరికీ దెబ్బలు తగలనంతవరకు కొనసాగించండి. రెండో వారం చివరికి 2, 1, 2కు వచ్చింది.

తగ్గకపోతే ఊహ తప్పయినా అయ్యుండాలి, టీచర్లందరూ ఒకేలా చేయకపోయినా ఉండాలి. రెండోదే ఎక్కువ. పీటీ సార్‌కు, హిందీ టీచరుకు కూడా చెప్పారా?

9. ఎప్పుడు, ఎక్కడికి పంపాలి

రెండు వారాలు ఆగకుండా వెంటనే పంపాల్సినవి:

- వచ్చిన మాటలు పోవడం, వచ్చిన పనులు మర్చిపోవడం
- కొన్ని సెకన్లు చూపు నిలిచిపోయి, పిలిచినా పలకకపోవడం, మళ్లీ మామూలవడం. ‘పరధ్యానం’ అనుకుంటాం, మూర్ఛలో ఒక రకం కావచ్చు
- చచ్చిపోతాననడం, తనను తాను గాయపరచుకోవడం
- ఉన్నట్టుండి మనిషే మారిపోవడం

తిరుపతిలో రుయా ఆసుపత్రి పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగాలకు పంపవచ్చు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను చూసే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందాలు సర్కారు బళ్లకు వస్తాయి. వాళ్లు వచ్చిన రోజు మీ కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద భవిత కేంద్రాలున్నాయి, మీ మండలంలోని ఐఈఆర్‌పీని, అంటే ఈ పిల్లల చదువు చూసే రిసోర్స్ పర్సన్‌ను అడగండి. ఫోనులో మాట్లాడాలంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రైవేటుగా వెళ్లేవాళ్లు ఒక్కటి అడగండి: ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా? క్లినికల్ సైకాలజిస్టుకు అది ఉండాలి. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోరు. నొచ్చుకుంటే ఇంకో చోటికి వెళ్లండి.

మన మూడో తరగతి పిల్లవాడు లేవడం తగ్గింది గానీ రాత మాత్రం మారలేదు. వత్తులు వదిలేస్తున్నాడు, ఒక పేజీకి గంట. కంటి పరీక్షలో ఏమీ లేదు. అందుకని చదువు, రాతల వైకల్యం ఉందేమో చూడమని పంపాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో అదీ ఒకటి కాబట్టి, నిర్ధారణ అయితే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగవచ్చు.

10. డాక్టరుకు ఇచ్చే కాగితం

ఒక పేజీ దాటకూడదు. ఓపీలో ఆయనకు ఉండేది కొన్ని నిమిషాలే.

- ప్రవర్తన నిర్వచనం, ఒక వాక్యం
- ఐదు రోజుల లెక్క, పోల్చిన పిల్లవాడి లెక్క (వాడి పేరు లేకుండా)
- మూడు గళ్ల కాగితంలో తేలినది, రెండు వాక్యాలు
- ఏం మార్చి చూశారు, ఏమైంది
- పిల్లవాడు బాగా చేసే రెండు పనులు
- అడగదలచుకున్న ప్రశ్న

‘ఏడీహెచ్‌డీ అనుమానం’ అని మీరు రాయకండి. కాపీ ఒకటి తల్లికివ్వండి, ఒకటి బళ్లో తాళం వేసిన బీరువాలో పెట్టండి. స్టాఫ్‌రూమ్ బల్ల మీద, టీచర్ల వాట్సాప్ గ్రూపులో దానికి చోటు లేదు. జూన్‌లో పిల్లవాడు పై క్లాసుకు వెళ్లినప్పుడు, తల్లిని అడిగి కొత్త టీచరుకు ఆ పేజీ ఇవ్వండి. పసుపు అట్టముక్క కూడా.